బాలయ్య అంకుల్ రాగి టీం

మొన్న నేను పాఠాలు చెప్పే బడికి రాని ఒక పిల్లను వెతుక్కుంటూ జగిత్యాలలో వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు, లోపల పొయ్యి మీద మొక్కజొన్న పిండితో చేసే మక్క గట్క కుతకుత ఉడుకుతున్న వాసన వచ్చి గడప దగ్గరే ఆగిపోయాను. పిండి కాస్త అడుగంటి, ఆవిరిలో తీపీ మాడూ కలిసిన వాసన అది. ఆ పిల్ల తల్లి కూర్చోమని పీట వేసింది, ఏదో అడిగింది కూడా. నాకు మాత్రం కొన్ని క్షణాలు ఏమీ వినిపించలేదు. నా ముక్కు నన్ను సముద్రం దాటించి, సౌదీలోని జిద్దాలో మేమున్న పాత బిల్డింగు మూడో అంతస్తుకు తీసుకుపోయింది.

నేను పుట్టింది ఇక్కడైనా ఊహ తెలిసింది అక్కడే. బలద్ బజారుకు కాస్త అవతల ఒక ఇరుకు సందులో ఉండేది మా బిల్డింగు. నాన్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఫోర్‌మన్. పెద్ద పెద్ద బిల్డింగుల నీళ్ల పంపులూ ఏసీలూ చూసుకునేవాడు. ఎండాకాలం సాయంత్రాలు సముద్రపు ఉక్క అద్దాల మీద చెమటలా కారేది, కిటికీ ఏసీ కింద పెట్టిన బకెట్ నిండితే అమ్మ ఆ నీళ్లతో ఇల్లు తుడిచేది, దుమ్ము లేచిన రోజు తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కేది. ఏడాదికి ఒకటి రెండు వానలు పడితే సందంతా చెరువై బడికి సెలవిచ్చేవారు. ఆ రోజు మేం మెట్ల మీద కూర్చుని కాగితప్పడవలు వదిలేవాళ్లం. రంజాన్ నెలలో సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినబడగానే పై అంతస్తులో ఉండే ఇమ్రాన్ వాళ్లమ్మ పకోడీలూ ఖర్జూరాలూ పంపేది, ఆ పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదని అమ్మ సకినాలు పోసి పంపేది. బతుకమ్మకు బలద్‌లో కొన్న ప్లాస్టిక్ పూలను ఇత్తడి తాంబాళంలో పేర్చి, పరదాలు వేసి, టీవీ గొంతు కాస్త పెంచి, ఆడవాళ్లంతా హాల్లో చప్పట్లు బయటికి వినబడకుండా కొడుతూ తిరిగేవాళ్లు. చప్పట్లు మెల్లగా కొట్టడమే పండుగ పద్ధతి అనుకునేదాన్ని నేను. ఊరికి వచ్చాక గాని తెలియలేదు, బతుకమ్మ అంటే అంత చప్పుడు ఉంటుందని.

ఆ ఇంటికి శుక్రవారం శుక్రవారం ఒక మనిషి వచ్చేవాడు. నాన్నతో పనిచేసే పంపు మెకానిక్కు, జాంబియా దేశస్థుడు. పేరు బ్వాల్యా. మా పిల్లల నోట అది బాల్య అయింది, అమ్మ నోట బాలయ్య అయింది. 'మా చిన్నమామ పేరు గూడ బాలయ్యనే' అని అమ్మ సంబరపడింది, ఆయన కూడా ఆ పేరును అభ్యంతరం లేకుండా తీసుకున్నాడు. నెరిసిన పొట్టి జుట్టు, వెడల్పు అరచేతులు, నవ్వితే పైవరసలో ఒక పన్ను లేని ఖాళీ. పాకిస్తానీలతో ఒకే గదిలో ఏళ్ల తరబడి ఉండి నేర్చుకున్న హిందీ మాట్లాడేవాడు, అందులో ఆడా మగా తేడా ఉండేది కాదు.

మొదటిసారి వచ్చినప్పుడు బలద్‌లో ఆఫ్రికా సరుకులమ్మే కొట్టు నుంచి తెల్లని మక్క పిండి తెచ్చాడు. వంటింట్లోకి రావచ్చా అని నాన్నను కాదు, అమ్మను అడిగాడు. ఎసరు పెట్టి, పిండి పోసి, కర్రగరిటెతో రెండు చేతులా కలియబెట్టాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, 'ఇది మన గట్కనే గదా' అంది. ఆయన వాళ్ల భాషలో దానికి ఇంకేదో పేరు చెప్పాడు. ఆ రోజు ఎండుచేపల పులుసుతో రెండు పేర్ల గట్క తిన్నాం. ఆయన ముద్దను అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంత పెట్టి, ఆ గుంతలోకి పులుసు ఎత్తుకుని తినేవాడు. మేమూ అలాగే తినడం మొదలుపెట్టాం. ఇప్పటికీ నాకు అలాగే తినాలనిపిస్తుంది.

తిన్నాక టెర్రస్ మీదికి వెళ్లేవాళ్లం. నీళ్ల ట్యాంకులకూ డిష్ యాంటెన్నాలకూ మధ్య ఒక పొడవాటి ఖాళీ జాగా ఉండేది. అక్కడే బాలయ్య అంకుల్ మాకు ఫుట్‌బాల్ నేర్పాడు, వాళ్ల ఊరి క్లబ్బు కథ కూడా అక్కడే చెప్పాడు. వాళ్లది రాగి గనుల ఊరట. గని తెరిచిన కొన్నాళ్లకే గని వాళ్లే ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారట. ఆటగాళ్లు పొద్దున గనిలోకి దిగి, మధ్యాహ్నం పైకి వచ్చి, మొహం కడుక్కుని మైదానంలో దిగేవారట. బూట్లు గనివే, బస్సు గనిదే, గడ్డికి పట్టే నీళ్లు గనిలో నుంచి అంకుల్ పంపు తోడిపోసినవే. ఆట ఉన్న రోజున షిఫ్టు దిగినవాళ్లు తలమీది హెల్మెట్ తీయకుండానే స్టాండ్లోకి వచ్చి, ఆ హెల్మెట్లనే డప్పుల్లా వాయించేవారట. ఊళ్లో పెళ్లి ముహూర్తాలు కూడా క్లబ్బు ఆటలు చూసుకుని పెట్టుకునేవారట.

ఆ స్టాండ్లో పాట ఎత్తేది అంకుల్ భార్య. ఆమెను ఆయన 'బనా చండా' అనేవాడు. చండా వాళ్లమ్మ అని దానికి అర్థం, చండా వాళ్ల పెద్దకూతురు. ఇది వినగానే అమ్మకు భలే నచ్చింది. నాన్న కూడా అమ్మను పేరు పెట్టి పిలవడు, నా పేరు కలిపి స్వప్న వాళ్లమ్మ అంటాడు. బనా చండా టమాటాలు అమ్ముకునే మనిషి, కానీ ఆట రోజున ఊరంతా ఆమె గొంతు వెనక నడిచేదట. ఎవరైనా ఆటగాడు క్లబ్బు వదిలి వెళుతుంటే, ఆమె ముందు, మిగతా అభిమానులు వెనక, బస్సు దాకా పాడుతూ సాగనంపేవారట. 'పోయిరా, నీ చోట ఎవరూ కూర్చోరు' అని ఆ పాటకు అర్థం.

తర్వాత ప్రభుత్వం గనిని అమ్మేసింది. కొన్నవాళ్లకు రాగి కావాలి గాని ఫుట్‌బాల్ అక్కర్లేదు. మైదానం గేటుకు తాళం పడింది. పంపులు ఆగి గడ్డి ఎండిపోయింది. చాలామందితో పాటు అంకుల్‌ను కూడా పనిలోంచి తీసేశారు. అభిమానులే తాళం తీయించుకుని, కొడవళ్లతో గడ్డి కోసి, సున్నం గీతలు గీసి, ఆటగాళ్లకు ఇళ్లల్లోంచి అన్నం మోసి క్లబ్బును నిలబెట్టారట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు పెరిగేది. ఆ తర్వాత తాను ఇక్కడికి ఎందుకు వచ్చాడో చెప్పాల్సివస్తే మాత్రం బంతి తీసుకుని లేచేవాడు.

మేం కూడా ఒక టీం పెట్టాం. ఆ క్లబ్బు పేరు మా నోరు తిరగక రాగి టీం అన్నాం. కింది అంతస్తులో ఉండే నా స్నేహితురాలు శిరీష వాళ్లది రాయచోటి వైపు. 'రాగి టీం అంటే రాగిసంగటి తినేటోళ్ల టీమా?' అని వాళ్లమ్మ అడిగితే మేం ట్యాంకులకు ఆనుకుని పడీపడీ నవ్వాం. అంకుల్ కంపెనీ నుంచి పాతబడిన నారింజరంగు సేఫ్టీ జాకెట్లు తెచ్చాడు, అమ్మ వాటిని మిషను మీద మా కొలతలకు కుట్టింది. నేనూ శిరీషా ఇమ్రానూ, ఇంకా ఆ బిల్డింగులో ఉన్న పిల్లలందరమూ సాయంత్రం ఆ జాకెట్లలో టెర్రస్ మీద పరిగెడుతుంటే, వాటి వెండి పట్టీల మీద ఎండ మెరిసేది.

సౌదీలో అప్పట్లో వాట్సాప్ కాల్ కలిసేది కాదు, వాయిస్ మెసేజ్ మాత్రం వచ్చేది. ఆట ఉన్న శనివారం బనా చండా స్టాండ్లోంచి మెసేజులు పంపేది. అంకుల్ డ్యూటీ నుంచి తిన్నగా మా టెర్రస్‌కు వచ్చి, ఫోను బోర్లించిన బకెట్ మీద పెట్టేవాడు, మేం చుట్టూ చేరేవాళ్లం. డప్పులూ ఈలలూ, వాటి మీంచి బొంగురుగా, ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టు తెలియకుండా సాగే ఒక ఆడగొంతు. పాట మారితే గోలు పడిందని మాకూ తెలిసిపోయేది.

నితాకత్ అనే మాట నేను మొదట విన్నప్పుడు ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి. కంపెనీలు ఇంతమంది సౌదీలను పనిలో పెట్టుకోవాలి, పెట్టుకున్నవి ఆకుపచ్చ, పెట్టుకోనివి ఎరుపు అని నాన్న అమ్మకు చెబుతుంటే, ట్రాఫిక్ లైట్ల గురించి అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎర్ర కంపెనీలో ఉన్నవాడికి ఇకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, రెన్యువల్ కాదని, ఇకామా లేనివాడు రోడ్డు మీద కనబడకూడదని. నాన్న వాళ్ల కంపెనీ కొన్నేళ్లు పసుపులో వేలాడి, చివరికి ఎరుపులో పడింది. కఫీల్, అంటే వీసాలకు పూచీ ఉన్న సౌదీ యజమాని, ఆఫీసు మూసి ఫోను ఎత్తడం మానేశాడు. నాన్న ఎలాగో ఒక ఆకుపచ్చ కంపెనీకి మారాడు. బాలయ్య అంకుల్‌ను వయసు చూసి ఎవరూ తీసుకోలేదు. ఆయన ఇకామా గడువు దాటిపోయింది. ఇంటికి పోదామన్నా దేశం విడిచే ఎగ్జిట్ అనుమతి వేయాల్సింది ఆ కఫీలే.

అంతలో విదేశీయుల కుటుంబాల మీద పన్ను వచ్చింది. భార్యకూ పిల్లలకూ తలకింత చొప్పున ప్రతి నెలకూ కట్టాలి, ఏటేటా అది పెరుగుతుంది. మా బిల్డింగులో ఆ ఏడాది అట్టపెట్టెల వాసన. మెట్ల మీద టేపు చింపే చప్పుడు వినబడితే ఇంకో ఇల్లు ఖాళీ అవుతోందని అర్థం. రాగి టీం ఒక్కొక్కరూ తగ్గడం మొదలైంది. ఎవరు వెళ్లినా అంకుల్ మెట్ల మీంచి కింద టాక్సీ దాకా ఆ సాగనంపే పాట పాడేవాడు, మేం వెనకాల అర్థం కాని మాటలను ఆయన వెంట పలికేవాళ్లం. మొదట్లో అది ఆటలా ఉండేది. శిరీష వెళ్లిన రోజున నేను పాడలేదు. ఆమె టాక్సీ ఎక్కి కూడా నారింజ జాకెట్ విప్పలేదు. వాళ్లమ్మ నా తల నిమిరి, 'బాగ సదువుకో పాపా, మల్లా కలుస్తాంలే' అంది. మళ్లీ కలవలేదు.

ఇకామా పోయాక అంకుల్ పాత గదిలో తనిఖీలు మొదలయ్యాయి. ఒక రోజు చిన్న సంచితో మా ఇంటికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఇకామా లేని మనిషికి నీడ ఇచ్చినవాడికి కూడా శిక్ష ఉంటుందని నాన్నకు తెలుసు, ఆయనకూ తెలుసు. నాన్న వంటింట్లోకి వచ్చి సింకు దగ్గర నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక గ్లాసు కడిగిందే కడుగుతున్నాడు.

"పట్టుకుంటే మనల్ని గూడ పంపుతరు," అన్నాడు.

"ఎట్లయిన పోయేటోళ్లమే గదా," అంది అమ్మ. "గాయన మనింట్ల కూసొని తిన్నడు. ఇప్పుడు యాడికి పొమ్మంటవ్?"

టెర్రస్ మీద పాత సామాన్లు పెట్టే గది ఒకటుంది. అందులో చాప వేసి, ఫ్యాను పెట్టి, ఆయన్ను ఉంచారు. పగలు బయటికి రావద్దన్నారు. ఆ ఉక్కలో, రేకు తలుపు వేసుకుని, ఆ పెద్ద మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. నేను బడి నుంచి వచ్చి అన్నం పట్టుకెళితే, తలుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టాలి. ఆయన నాకు నవ్వు మొహమే చూపేవాడు. కానీ చాప పక్కన గోడకు ఆయన వీపు ఆనిన చోట చెమట మరక నల్లగా మనిషి ఆకారంలో పడింది. అమ్మ ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

ఆ సీజన్లో ఆఖరి ఆట వచ్చింది. గెలిస్తే రాగి టీం పెద్ద లీగులో ఉంటుంది, ఓడితే కిందికి పడిపోతుంది. టెర్రస్ మీద మిగిలింది నేనూ ఇమ్రానూ మాత్రమే. గది తలుపు సగం మూసి, ఫోను చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. మెసేజ్ వచ్చింది. డప్పులు వచ్చాయి, పాట వచ్చింది. పాట మారింది. గోల్ అని ఇమ్రాన్ లేచి గంతేశాడు. నేనూ లేచాను. అంకుల్ లేవలేదు. మెసేజ్‌ను వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని ఇంకోసారి విన్నాడు.

"యే చండా గా రహా హై," అన్నాడు. "ఉస్కా మా కహా హై?"

పాడుతున్నది కూతురు, వాళ్లమ్మ ఎక్కడని ఆయన అడుగుతున్నాడు. తల్లి గొంతు లాంటి గొంతే, అందుకే మాకు తెలియలేదు. ఆయన తిరిగి మెసేజ్ పెట్టాడు, పెట్టాడు, పెడుతూనే ఉన్నాడు. ఆట ముగిసిందని, ఓడిపోయారని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆయన దాని గురించి అడగనే లేదు. చీకటి పడే వేళకు చండా చెప్పింది, అమ్మ ఆసుపత్రిలో ఉందని, నీకు చెప్పవద్దందని, లేవలేకపోతోందని.

మరునాడు ఆయన ఎగ్జిట్ కోసం నాన్న తిరగని చోటు లేదు. కఫీల్ ఇంటికి వెళితే గేటు తీయలేదు. ఆఫీసుల్లో ఒక కిటికీ ఇంకో కిటికీకి పంపింది. చివరకు అంకులే ఒక దారి చెప్పాడు. ఊళ్లో ఒక వంతెన కింద ఇకామా లేనివాళ్లు గుంపులుగా కూర్చుంటారు, పోలీసు బస్సు వచ్చి ఎక్కించుకుంటే తర్హీల్‌కు, అంటే దేశం దాటించే జైలుకు, తీసుకుపోతారు, అక్కణ్నుంచి ఎప్పటికైనా విమానం ఎక్కిస్తారు. దాక్కున్న మనిషి ఇప్పుడు దొరికిపోవడానికి బయలుదేరాడు. అమ్మ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆయన గడ్డం గీసుకున్నాడు.

ఆ రోజు సాయంత్రానికే తిరిగి వచ్చాడు. బస్సు రాలేదట. వచ్చిన పోలీసుకు చేతులు చాపితే, 'రూహ్ యా హజ్జీ' అని, ముసలాయనవు ఇంటికి పొమ్మని పంపేశాడట. అది చెబుతూ నవ్వబోయాడు, నవ్వు మధ్యలో ఆగిపోయింది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. వెళ్లిన ప్రతిసారీ అమ్మ చొక్కా ఉతికి ఇస్త్రీ చేసేది. ఫోన్లో చండా మెసేజులు పొట్టిగా అవుతూ వచ్చాయి.

ఒక శుక్రవారం నాన్న ఆయన్ను కారులో దింపడానికి వెళుతూ, అమ్మనూ నన్నూ కూడా ఎక్కించుకున్నాడు. కుటుంబం ఉన్న కారును దారిలో ఆపరని. వంతెన నీడలో అట్టముక్కల మీద ఎంతోమంది కూర్చుని ఉన్నారు. కారు అద్దం దించగానే నల్లటి అబాయా వేసుకున్న ఒకామె మా మాటలు విని గబగబా వచ్చింది. అమలాపురం దగ్గర ఊరట. ఇళ్లల్లో పనికి వచ్చి, ఉండలేక పారిపోయి వచ్చిందట. అమ్మ నీళ్ల సీసా ఇస్తే సగం తాగి, మిగతాది వెనకున్న ఇంకో ఆమెకు ఇచ్చింది.

"పట్టుకెళ్లండి బాబూ అని కాళ్లట్టుకుంటున్నామండి," అంది. "పట్టుకెళ్లట్లేదండి. ఇక్కడే సచ్చిపోతామేమోనండి."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

అంతలోనే బస్సు వచ్చింది. అందరూ ఒక్కసారిగా లేచి పరిగెత్తారు. తలుపు దగ్గర తోపులాట. జైలుకు తీసుకుపోయే బస్సు కోసం మనుషులు అలా ఒకరినొకరు నెట్టుకోవడం నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. అంకుల్ కారు దిగబోతూ నాన్న భుజం నొక్కి, ఎవరూ దిగవద్దని, తనవైపు చూడవద్దని, చెయ్యి ఊపవద్దని చెప్పాడు. మాతో కలిసి ఉన్నాడని ఎవరైనా చూస్తే నాన్నకు ముప్పు. నా వైపు తిరిగి నా తల మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత ఎవరో పరాయి టాక్సీ దిగినట్టు దిగి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా నడిచాడు. ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టడం చూశాను. లోపల కిటికీ పక్కన కూర్చోవడమూ చూశాను. బస్సు మా కారును ఆనుకున్నట్టే పోయింది. ఆయన నేరుగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు, మేం ఎవరో తెలియనట్టు. అమ్మ అబాయా అంచు నోట్లో కుక్కుకుంది. నాన్న కారు స్టార్ట్ చేయడానికి తాళం తిప్పుతూ చాలాసేపు తిప్పుతూనే ఉన్నాడు.

తర్హీల్‌లో ఆయన ఎన్నాళ్లున్నాడో మాకు సరిగా తెలియదు. నాన్న బట్టలు తీసుకుని వెళితే గేటు దగ్గరివాళ్లు తీసుకోలేదు. ఆ ఏటి వానలు గడిచి, మా సొంత అట్టపెట్టెలు హాల్లోకి వచ్చిన రోజుల్లో, నాన్న ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఆయన ఊరు చేరాడు. బనా చండాను అప్పటికే మట్టి చేశారు, ఆయన ఇంకా తర్హీల్‌లో ఉండగానే. ఎక్కడ పాతిపెట్టారో చూసి వచ్చానని, స్టాండుకు తాళం వేసి ఉందని, మా అమ్మకు సలాం చెప్పమని అన్నాడు. వెనకాల గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అమ్మ అది విని లేచి వెళ్లి, సగం సర్దిన పెట్టెలోంచి గిన్నెలన్నీ తీసి మళ్లీ సర్దింది.

నెల తిరక్కుండా అమ్మా నేనూ ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేశాం. నాన్న ఇంకొన్నేళ్లు ఒంటరిగా ఉండి, ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. ఇమ్రాన్ వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. ఈమధ్య ఫోన్లో మ్యాప్ తెరిచి మా సందు కోసం వెతికాను. ఆ పేట మొత్తం పడగొట్టారు. బిల్డింగులున్న చోట చదును చేసిన ఇసుక, బుల్డోజర్ చక్రాల గీతలు. టెర్రస్ ఎక్కడ ఉండేదో వేలుపెట్టి చూపడానికి పక్కన ఒక గుర్తు కూడా లేదు. రాగి టీం గురించి వెతికితే కిందిలీగులో కూడా ఆ పేరు కనబడలేదు.

పోయినేడు నాన్న అంకుల్ పాత నంబరుకు ఊరికే ఒకసారి ఫోను కలిపాడు. అది మోగింది. నేను పక్కనే ఉన్నాను. అవతల ఎవరో కుర్రగొంతు ఎత్తింది. 'బ్వాల్యా?' అన్నాడు నాన్న, నేను మొదటిసారి విన్నాను ఆయన ఆ పేరును సరిగ్గా పలకడం. అవతలివాడు వాళ్ల భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు, మధ్యలో ఆగి మళ్లీ చెప్పాడు, మాకు అర్థం కావడం లేదని తెలిసి మెల్లగా, ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పాడు. నాన్న ఊకొడుతూ విన్నాడు. చివరకు అచ్ఛా అచ్ఛా అని పెట్టేశాడు.

"ఏమన్నడు బాపూ?" అని అడిగాను.

నాన్న ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. "మంచిగనే మాట్లాడిండు బిడ్డా," అన్నాడు. "ఉన్నడంటుండో, పోయిండంటుండో ఎర్కగాలే."

తర్వాత కలిపితే ఆ నంబరు పనిచేయలేదు.